కోడిపుంజు లేని గోడ

పోయిన వారం మా బడి ప్రహరీగోడకు బొమ్మలు వేయించారు. చెట్లు నాటండి అని ఒకచోట, చేతులు కడుక్కోండి అని ఇంకోచోట. గేటు పక్కన కొంత ఖాళీ మిగిలితే అక్కడ ఒక తెల్ల పావురాన్ని వేశారు. దాని ముక్కున పచ్చటి రెమ్మ, కింద 'శాంతి' అని పెద్ద అక్షరాలు. నేను సిరిసిల్లలో లెక్కల టీచరును. ఇంటర్వెల్‌లో ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"మేడం, గా పావురం నోట్ల ఆకెందుకు పెట్టిండ్రు? పావురాలు ఆకులు తినయి గద!"

నాకు తెలుసు. జలప్రళయం తర్వాత నీళ్ళు తీశాయో లేదో చూసి రమ్మని నోవహు తన ఓడలోంచి వదిలిన పావురం అది. సాయంత్రానికి ఒలీవ ఆకు ముక్కున పట్టుకుని తిరిగొచ్చింది. లోకంలో ఎక్కడో ఒక చెట్టు బతికే ఉందని ఓడలో వాళ్ళకు ఆ ఆకే చెప్పింది. ఈ కథ నాకు మా ఇంటి దారి ఎంత తెలుసో అంత తెలుసు. కానీ పక్కన సైన్సు మేడం నిలబడి ఉంది.

"ఏమోనే, అందం కోసం పెట్టి ఉంటారు" అన్నాను.

పిల్ల నమ్మి వెళ్ళిపోయింది. నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు. సిగ్గుతో పాటే గుర్తొచ్చాడు. ఆయన చనిపోయిన ఈ ఏడాదిలో ఎప్పుడు గుర్తొచ్చినా అలాగే వస్తున్నాడు.

ఆయన పేరు రాయను. రాస్తే మా ఊరి పేరు బయటపడుతుంది, ఊరి పేరు బయటపడితే మా వాడలో ఉద్యోగాలు చేసేవాళ్ళ పేర్లన్నీ బయటపడతాయి. పోయినవాళ్ళ పేరు దాచడం మర్యాద అని కొందరు అంటారు. నాది మర్యాద కాదు, భయం. ముందే చెప్పుకుంటే మంచిది.

పెద్దబాపు అన్నాను గానీ మా నాన్నకు తోడబుట్టినవాడు కాదు, వాడలో వరుస. జగిత్యాల, కోరుట్ల మధ్య రోడ్డు మీదున్న ఊళ్ళలో మాదొకటి. ఆయన బోర్డులు రాసే పెయింటర్. కోరుట్లలో ఒకప్పుడు బట్టల దుకాణాల పేర్లు, ఎరువుల షాపుల పేర్లు, డాక్టర్ల డిగ్రీలు సగం ఆయన చేతి రాతే. ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీల గుర్తులూ గీసేవాడు, ఏ పార్టీకి ఓటేశాడో పెద్దమ్మకు కూడా చెప్పేవాడు కాదు. ఆయన వచ్చే ముందు టర్పెంటైన్ వాసన వచ్చేది. చెవి మీద కుంచె, లుంగీకి ఒక పక్కంతా వేళ్ళు తుడిచిన రంగులు. ఎవరితో మాట్లాడినా ఎడమ కన్ను కొంచెం మూసి చూసేవాడు, మనిషిని కూడా గోడ మీద ఎక్కడ పెడితే సరిపోతుందో కొలుస్తున్నట్టు. మాటల్లో పడి ఛాయ్ గ్లాసులో కుంచె ముంచిన రోజులున్నాయి. ముంచాక ఆ ఛాయ్ తాగబోతే పెద్దమ్మ చేతిలోంచి లాక్కునేది.

గోడ మీద గీత కొట్టడానికి ఆయన దగ్గర నీలిమందు పూసిన దారం ఉండేది. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస దారిన పోయేవాళ్ళ చేతికి ఇచ్చేవాడు. "జర పట్టు బిడ్డా. గట్టిగ గాదు, సక్కగ పట్టు" అనేవాడు. తర్వాత మధ్యలో దారాన్ని లాగి వదిలితే గోడ మీద నీలం గీత పడేది. ఆయన దారం పట్టనివాళ్ళు మా వాడలో లేరు. గీత వంకర పడితే మాత్రం తప్పు ఎప్పుడూ పట్టుకున్నవాళ్ళదే.

ఆయన మా సంఘపెద్ద కూడా. మా వాడలో నాలుగు గోడల మీద రేకులు వేసిన ఒక హాలు ఉంది. ప్రతి ఆదివారం అక్కడ ఆరాధన. నా చిన్నప్పుడు దాని ముందు ఇనుప సిలువ ఉండేది. అది బోల్టులతో బిగించి ఉండేది, ఎందుకంటే అప్పుడప్పుడు విప్పాల్సి వచ్చేది. వాడలో ఎవరి పిల్లకైనా సీటో ఉద్యోగమో వస్తే కులం సర్టిఫికెట్ మీద ఎంక్వైరీకి అధికారి వస్తాడు. క్రైస్తవులని తేలితే ఎస్సీ కింద లెక్కపెట్టరు. అది చట్టం. మా తాతలను ఊరి హోటల్లో వేరే గ్లాసులో ఛాయ్ పోసి బయట కూర్చోబెట్టినవాళ్ళు, మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారని ఏనాడూ అడగలేదు. సర్టిఫికెట్ దగ్గర మాత్రం అడుగుతారు. కాబట్టి జీపు వస్తుందని తెలియగానే ఎవరో ఒకరు పానా పట్టుకుని నిచ్చెన ఎక్కేవాళ్ళు. సిలువ గోనెసంచిలో పడి ఎవరింటి గడ్డివాములోనో తలదాచుకునేది.

ఒకసారి విప్పుతుండగానే జీపు వాడలోకి వచ్చేసింది. అప్పటికి ఏదో గండం గడిచింది గానీ, ఆ ఆదివారం పెద్దబాపు లేచి నిలబడి చెప్పాడు. "సిలువ పెట్టుడు, ఊడదీసుడు మనకొద్దు. పిట్టలను గీద్దం. పిట్టలను సూసి ఎవలేమంటరు?"

అలా మా హాలుకు పిట్టలొచ్చాయి. కొత్తగా చూసేవాళ్ళకు అది అంగన్వాడీ గోడ. మాకు మాత్రం అది బైబిలు. గుమ్మం పైన పావురం. ఏసు బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి లేచినప్పుడు ఆయన మీద దిగిన పావురం. గేటు పక్కన ఐదు పిచ్చుకలు, నాలుగు ఒకచోట, ఒకటి కాస్త దూరంగా. కిటికీ కింద పిల్లల కోడి. ఆ పక్కన నోట్లో రొట్టెతో కాకి. ఆ రొట్టె అచ్చం మా ఇళ్ళలో చేసే జొన్నరొట్టెలా ఉండేది, అంచు మాడి కూడా ఉండేది. ఇంకో వైపు రెక్కలు చాచిన పక్షిరాజు. అది వాడ ముసలమ్మల కోసం వేశానని అనేవాడు. నమ్ముకున్నవాళ్ళకు పక్షిరాజుకు వచ్చినట్టు కొత్త బలం వస్తుందని వాక్యం. ముసలమ్మలు వెళ్తూ వెళ్తూ దాన్ని ఒకసారి తాకేవాళ్ళు. తాకి, మోకాళ్ళు పట్టుకుని అక్కడే కూలబడేవాళ్ళు.

పిల్లలం ఆయన చుట్టూ చేరితే ఒక్కో పిట్ట కథ చెప్పేవాడు. చెప్పేటప్పుడు కుంచెతో గాలిలో గీసేవాడు.

"రెండు పిచ్చుకలు ఒక కాసట. ఐదు కొంటె రెండు కాసులేనట. అంటె ఒకటి కొసరు. లెక్కల్లేదు, పత్రంల లేదు, ఉత్తగిచ్చిండ్రు. గా కొసరు పిచ్చుకను గూడ దేవుడు మరువడట. గది మనమే బిడ్డా."

పిల్లల కోడి దగ్గరికి వస్తే గొంతు మారేది. "రాజులు జెండాల మీద గద్దను పెట్టుకుంటరు. మనోడు నేను పిల్లల కోడినన్నడు. రెక్కల కిందికి రమ్మంటె మీరు రాకపోతిరి అని బాధపడ్డడు. గసొంటి దేవుడు ఇంకెవలకన్న ఉన్నడా?"

కాకిని ఎవరైనా తిడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. నోవహు ముందు కాకినే పంపాడని, అది కబురు తేలేదని మా పాస్టరయ్య ఒకసారి ప్రసంగంలో కాకిని బాగా ఉతికి ఆరేశాడు. ప్రసంగం అయ్యాక పెద్దబాపు ఆయనను గుమ్మంలోనే పట్టుకున్నాడు. "అయ్యగారు, గా ముచ్చట సగమే చెప్పిండ్రు. ఏలియా ప్రవక్త ఆకలితోని వాగొడ్డున కూసుంటె పొద్దుమాపు రొట్టె మోసుకచ్చింది ఎవలు? కాకే గద! పని చెడగొట్టిన జాతికే దేవుడు మల్ల పని చెప్పిండు." పాస్టరయ్య నవ్వి ఒప్పుకున్నాడు. ఆ మాట పెద్దబాపు నోట చాలాసార్లు విన్నాను. అప్పట్లో అది కాకి గురించే అనుకున్నాను.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడు ఎంక్వైరీకి అధికారి మా వాడకు వచ్చాడు. నాన్న పెద్దబాపును పిలిపించాడు. తెల్లజుట్టు, రంగు మరకల చొక్కా, ఆయన చెబితే నమ్ముతారని. నేను మా ఇంటి తలుపు వెనుక నిలబడి చూస్తున్నాను. అధికారి చెడ్డవాడేమీ కాదు. ఎండకు అలసిపోయి ఉన్నాడు. హాలు ముందు ఆగాడు.

"గిదేం హాలయ్యా?"

"మీటింగు హాలు సార్. ఆడోళ్ళ సంఘం మీటింగులైతయి."

"మరి గీ పిట్టలేంది?"

"నేను పెయింటర్ను సార్. ఖాళీ గోడ కనవడితె చెయ్యి ఊకుండది."

అధికారి దగ్గరికెళ్ళి కాకిని చూశాడు. ముఖం విప్పారింది. "చిన్నప్పుడు చదివిన కథ! రొట్టె ముక్క పట్టుకున్న కాకి. మరి నక్క ఏది?"

"నక్కకు జాగ సరిపోలేదు సార్."

అధికారి పగలబడి నవ్వాడు. నాన్న నవ్వాడు, తలుపు వెనుక నేనూ నవ్వాను. ఏలియాకు ప్రాణం పోసిన కాకిని నక్క కథలో కాకిని చేసి మేమంతా నవ్వాం. అధికారి కాగితం మీద ఏదో రాసుకుని జీపులో ఒక కాలు పెట్టాడు. పని అయిపోయింది. ఇంకేమీ అడగలేదు.

అప్పుడు పెద్దబాపు జీపు దగ్గరికి నాలుగడుగులు పరిగెత్తినట్టు వెళ్ళాడు. "సార్, మా వాడల ఏసును మొక్కేటోళ్ళు ఎవలు లేరు సార్. గాయనెవలో గూడ మాకు తెల్వది."

"నేను అడగలేదు గదయ్యా" అన్నాడు అధికారి కొంచెం ఆశ్చర్యంగా. జీపు వెళ్ళిపోయింది. పెద్దబాపు ఆ దుమ్ములో నిలబడి, ఏ రంగూ లేని చేతిని లుంగీకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అమ్మ ఆయనకు ఛాయ్ ఇచ్చింది.

నాకు ఉద్యోగం వచ్చింది. తలుపులు మూసి అదే హాలులో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం. ఆ రోజు సంస్కారం కూడా ఉంది, ఏసు శరీరం, రక్తం అని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. రొట్టె ముక్కల పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వచ్చింది. పెద్దబాపు చేతికి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకిచ్చేశాడు. ద్రాక్షరసం గిన్నె కూడా అలాగే దాటిపోయింది. ఆ తర్వాత ప్రతి నెలా అంతే. పాస్టరయ్య చూసేవాడు, అడిగేవాడు కాదు. ఆయన పిల్లలూ చదువుకుంటున్నారు.

వాడవాళ్ళు మాత్రం ఆయనను వదల్లేదు. ఎవరింటికి ఎంక్వైరీ వచ్చినా, "పెద్దబాపును పిలువుండ్రి, ఆయనైతె మంచిగ చెప్తడు" అనేవాళ్ళు. ఆయన ఏ రోజూ రానని అనలేదు. చెవి మీది కుంచె తీసి పక్కన పెట్టి వెళ్ళేవాడు. చెప్పి వచ్చేవాడు. వచ్చాక ఆ కుంచె ఎక్కడ పెట్టాడో వెతుక్కునేవాడు. మేము దాన్ని వయసు అనుకున్నాం, అంటే అలా అనుకోవడం మాకు తేలిగ్గా ఉండేది.

ఫ్లెక్సీలు వచ్చాక కోరుట్లలో ఆయనకు పని లేకుండా పోయింది. వానాకాలం వెళ్ళాక వెలిసిపోయిన పిట్టలకు మళ్ళీ రంగులు వేయడమే మిగిలింది. ఒకసారి సెలవుల్లో వెళ్తే పిచ్చుకలకు గోధుమరంగు పూస్తున్నాడు. నేను రంగు డబ్బా పట్టుకున్నాను. చాలాకాలంగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"పెద్దబాపు, సంస్కారం ఎందుకు తీస్కుంటలేవు?"

ఆయన పిచ్చుక మీద నుంచి చెయ్యి తీశాడు. కుంచెతో గోడంతా చూపించాడు. "బైబిల్ల ఉన్న పిట్టలల్ల ఈడ ఏది లేదో చెప్పు."

నేను వెతికాను. పావురం ఉంది, కాకి ఉంది, పిచ్చుకలు, కోడి, పక్షిరాజు. మళ్ళీ మొదటి నుంచి చూశాను.

"కోడిపుంజు" అన్నాడు. "ఏసును పట్టుకపోయిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు మూడుమాట్ల ఆయనెవలో నాకు తెల్వదన్నడు. ఏసు ముందే చెప్పినట్టె గప్పుడు కోడి కూసింది. పేతురు బయటికి పోయి ఎక్కెక్కి ఏడ్సిండు. గా పుంజును గీద్దమని ఎన్నిమాట్లో కుంచె పట్టుకున్న బిడ్డా. గీస్తె దాని కింద నేను నిలవడలేను."

"నా కోసమే గద అబద్ధం చెప్పినవ్" అన్నాను.

"నీ కోసమని అనకు. సారు అడుగనే లేదు. అడుగకముందే నేనే ఉరికిపోయి చెప్పిన. గది నీ ఉద్యోగం కోసం గాదు, భయానికి." ఆయన పిచ్చుక కన్ను దిద్దుతూ ఆగాడు. "పేతురుకు ఏడ్పన్న అచ్చింది. నాకు జీపు పోయినంక ఆకలైంది. మీ అమ్మ ఛాయ్ ఇస్తె తాగిన. బిస్కిటు గూడ ముంచుక తిన్న."

నేను ఏదో ఒకటి అనాల్సింది. ఆ అబద్ధం మీద తిన్నవాళ్ళలో మేమూ ఉన్నామని అనాల్సింది. డబ్బా కింద పెట్టి, బస్సు టైమవుతోందని వచ్చేశాను.

చివరిసారి ఆయనను జగిత్యాలలో ఆసుపత్రి మంచం మీద చూశాను. ఊపిరి అందడం లేదు. రంగుల వాసన లేకుండా ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు. పెద్దమ్మ మంచం కొసన కూర్చుని కాళ్ళు పడుతోంది. నన్ను చూసి ఎడమ కన్ను మూశాడు, కొలుస్తున్నట్టే.

"నా మీద సిలువ పెట్టుండ్రి. పిట్టలొద్దు. బోల్టులు గూడ ఒద్దు. సిమెంటుల పాతుండ్రి, మల్ల ఊడదీయరాకుంట. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట ఇంటరు."

"అట్లనే పెద్దబాపు" అన్నాను.

పోయిన వానాకాలంలో పోయాడు. మా శ్మశానం మెయిన్ రోడ్డు పక్కనే. బస్సుల్లో వెళ్ళేవాళ్ళకు ప్రతి సమాధీ కనిపిస్తుంది. పాస్టరయ్య గొడుగు కింద నిలబడి, పక్కవాళ్ళకు మాత్రమే వినిపించేంత గొంతుతో ప్రార్థన చేశాడు. మట్టి పోయడం అయ్యాక మేస్త్రి అడిగాడు. "సిలువ పోయమంటరా? సామాను తెప్పిస్త."

అందరం రోడ్డు వైపు చూశాం. అప్పుడు మా వాడలోనే ఉండే ఒకామె ముందుకొచ్చింది. ఆమె బిడ్డకు నర్సు ఉద్యోగం వచ్చింది, ఎంక్వైరీ ఇంకా కాలేదు. రోజూ బీడీలు చుట్టి ఆ పిల్లను చదివించింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీ కాల్మొక్త. రోడ్డు మీదికే కనవడ్తది. నా బిడ్డ ఎంక్వైరీ అయ్యేదాక ఆగుండ్రి. పెద్దబాపు ఉంటె ఆయన గూడ ఆగుమనేటోడు."

అందరూ నన్ను చూశారు. వాడలో మొదటి టీచరు ఉద్యోగం నాది. ఆయనకు మాట ఇచ్చింది కూడా నేనే. ఆ తల్లిని చూశాను. ఆమె అడిగేది అన్యాయమని నేను ఏ ముఖం పెట్టుకుని అంటాను? ఆ అన్యాయం మీదే నేను ప్రతి నెలా ఒకటో తారీఖు జీతం తీసుకుంటున్నాను. అలాగని ఆయనకు ఇచ్చిన మాట? రెండూ సరిపోయే దారి ఏదైనా ఉందా అని చూశాను. లెక్కల టీచరును కదా, ఒక దారి దొరికింది కూడా.

"ఇప్పటికి ఒక పావురం బొమ్మ వేయిద్దాం. సిలువ తర్వాత చూసుకుందాం" అన్నాను.

వాడంతా ఊపిరి పీల్చుకుంది. మంచి మాట, మంచి మాట అన్నారు. మేస్త్రి తలూపాడు. పాస్టరయ్య కూడా తలూపాడు. పెద్దమ్మ అప్పటిదాకా మట్టి పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"పిట్టలొద్దు" అంది. "బతికినన్ని దినాలు మీ ఇండ్ల ముంగట నిలవడి మిమ్ములను దాసిండు. ఇంక ఆయనను దాయకుండ్రి. సిలువ పెట్ట శాతగాకపోతె ఏది పెట్టకుండ్రి. ఉత్త మన్నే ఉండనియ్యుండ్రి."

మేస్త్రి తాపీ సంచిలో పెట్టుకున్నాడు. పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి వేసి లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటికి నడిచింది. వాన పెద్దదైతే మేమూ వచ్చేశాం.

నర్సు పిల్ల ఎంక్వైరీ బాగానే జరిగింది. ఇప్పుడు తను డ్యూటీలో ఉంది, మంచి పిల్ల. ఆ తర్వాత ఇంకో ఇంట్లో ఎంక్వైరీ వచ్చింది. దాని తర్వాత మరొకటి రాబోతోంది. ఆ మన్ను వానకు కుంగి చుట్టూ ఉన్న నేలతో కలిసిపోయింది. కొత్తవాళ్ళు చూస్తే అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలియదు.

నేను సిరిసిల్ల నుంచి జగిత్యాల వచ్చి, అక్కడ కోరుట్ల బస్సు ఎక్కుతాను. మా ఊరి దగ్గర ఆ శ్మశానం ఎడమ పక్క వస్తుంది. నేను ఎప్పుడూ కుడి పక్క సీటు చూసుకుని కూర్చుంటాను. కుడి పక్క ఖాళీ లేకపోతే ఆ బస్సు వదిలేస్తాను.